బయటి నుంచి వేసిన తాళం

మా చెల్లె రాలేదు. బిలోలి నుంచి నాందేడుకు పొద్దంతా బస్సులు నడుస్తూనే ఉంటాయి. అయినా నా కాలు విరిగిందని తెలిసిన రోజు ఆమె ఫోన్ చేసి, పత్తి ఏరుడు జోరు మీద ఉన్నదని, ఇప్పుడు కూలి మానితే మళ్ళీ పిలవరని, తన బదులు పిల్లను పంపుతున్నానని చెప్పింది. "అది ఎట్లనన్న నర్సే గదా అక్కా" అన్నది. పత్తి అయిపోయింది. తర్వాత శనగ కోతలు కూడా అయిపోయాయి. ఆమె రాలేదు. నేను దాన్ని పట్టించుకోలేదని అడిగిన వాళ్ళందరికీ చెప్పాను. పట్టించుకున్నాను.

నేను జారిపడింది మా ఇంటి ముందు నల్లా దగ్గర. తరోడా నాకా వైపు నీళ్ళు ఎప్పుడు వస్తాయో చెప్పలేం. వచ్చినప్పుడు గల్లీ మొత్తం బిందెలతో ఉరుకుతుంది. పక్కింటావిడ తన డ్రమ్ము కడిగి, ఆ సబ్బునీళ్ళను ఎప్పటిలాగే మా గడప వైపు వదిలింది. నేను బిందె ఎత్తుకుని ఇటు తిరిగాను, అంతే. కుడి కాలు మోకాలి కింద విరిగింది. ఎడమ మణికట్టు బెణికింది. డాక్టరు తొడ దాకా ప్లాస్టర్ వేసి, తాను చెప్పేదాకా ఆ కాలు నేలకు ఆనించవద్దన్నాడు. మణికట్టు బాగుంటే వాకర్ పట్టుకుని కుంటేదాన్నేమో. అదీ లేదు. ఇక మిగిలింది మంచం.

చెల్లె బిడ్డ ఒక సంచిలో బట్టలు, ఒక సంచిలో పుస్తకాలతో ఆటో దిగింది. నర్సింగ్ మూడో సంవత్సరం. ఊరి బయట కాలేజీ, అక్కడే హాస్టల్. వార్డెన్ దగ్గర అనుమతి తీసుకుని నా దగ్గర ఉండడానికి వచ్చింది. ఆ పిల్ల చేతి పనిలో నాకు తప్పు దొరకలేదు. నేను తప్పు వెతకలేదని కాదు. మంచం మీదనే ఒళ్ళు తుడిచేది, మడమ కింద గుడ్డ మడిచి పెట్టేది, పక్కకు తిప్పేటప్పుడు నడుము నొప్పి లేకుండా తిప్పేది. ప్లాస్టర్ చివర బయటికి కనిపించే కాలి వేళ్ళను పొద్దున, సాయంత్రం పట్టుకుని చూసేది. రంగు మారాయా, చల్లబడ్డాయా అని.

పొద్దున ఆమె కాలేజీకి పోవాలి. నేను లేచి లోపలి గొళ్ళెం పెట్టుకోలేను. తలుపు దగ్గరగా వేసి పోతే కుక్కలు వస్తాయి, కుక్కల కన్నా అధ్వానమైన వాళ్ళూ వస్తారు. కాబట్టి బయటి నుంచి తాళం వేసుకుని పోవాలని ఇద్దరమూ అనుకున్నాం. మొదటి రోజే ఆమె, "తాళంచెవి పక్కింట్ల ఇచ్చిపోతా పెద్దమ్మా, నడుమ ఏమన్న అవసరం పడితే" అన్నది.

వద్దన్నాను. ఎందుకని అడిగింది. వద్దంటే వద్దు అన్నాను. ఆమె తాళంచెవిని తన సంచి జిప్పులో వేసుకుంది.

ఆ తాళం చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. మొదట గొళ్ళెం జరిగేది, తర్వాత తాళం టక్కున పడేది, తర్వాత ఆమె ఒకసారి లాగి చూసేది. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను, స్టూలు, స్టూలు మీద నీళ్ళ సీసా, ఫోను, గిన్నెలో అటుకులు. మంచం కింద చేయి అందే చోట బెడ్‌పాన్. మంచం పక్కన కిటికీ. కిటికీలోంచి పక్కింటి వరండా, దాని గోడకు మేకులు, మేకులకు చాట, చేతిసంచి. చూడదలచుకోని ఇల్లు ఒక్కటే నాకు పొద్దంతా కనిపించేది. ఒకరోజు గ్యాస్ బండివాడు వచ్చి తలుపు తట్టాడు. నేను లోపలి నుంచి అరుస్తూనే ఉన్నాను. వాడు తాళం చూసి, "ఘరాత్ కుణీ నాహీ" అని ఎవరికో గట్టిగా చెప్పి బండి తోసుకుపోయాడు. ఇంట్లో ఎవరూ లేరట. నేను అరవడం ఆపేశాను. ఆ మాట తర్వాత అరవడానికి ఏముంటుంది.

నేను ఒక మరాఠీ బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైర్ అయ్యాను. అక్కడ ఆడ టీచర్లందరినీ బాయి అనే అంటారు, నన్ను మాత్రం తెలంగీ బాయి అనేవాళ్ళు. ముఖం మీద కాదు, స్టాఫ్‌రూం తలుపు దగ్గర. నా వీడ్కోలు సభను విడిగా పెట్టలేదు, పిల్లల సైన్సు ప్రదర్శన బహుమతుల సభలోనే కలిపేశారు. నా వంతు వచ్చేసరికి అధ్యక్షుడు లేచి వెళ్ళిపోయాడు. బిలోలికి పోతే మా వాళ్ళు, అక్క పక్కా మరాఠీది అయిపోయిందని నవ్వుతారు. ఎటు పోయినా నాది పక్క వరసే. అయితే నా ఇంగ్లీషును మాత్రం ఎవరూ వేలెత్తి చూపలేదు. అది నా సొంతం అనుకునేదాన్ని.

అందుకే పిల్ల తన కష్టం చెప్పినప్పుడు లోపల్లోపల సంతోషించాను. ఆమె కాలేజీలో ఒక నియమం ఉంది. ప్రతి విద్యార్థీ ఒక మనిషిని ఇంట్లో ఉండగా చూసుకుని, ఆ అనుభవాన్ని ఇంగ్లీషులో వ్యాసంగా రాయాలి. చార్టు కాదు, పట్టిక కాదు, వ్యాసం. దాని మీద మేడం సంతకం పడితేనే ఇంటర్నల్ మార్కులు. అవి లేకపోతే యూనివర్సిటీ పరీక్షకు కూర్చోనివ్వరు. పోయిన ఏడు కూడా పెద్ద ప్రశ్నలు రాయలేక ఒక పేపరు పోగొట్టుకుని, మళ్ళీ రాసి గట్టెక్కింది. ఈసారి పోతే సంవత్సరమే పోతుంది. సంవత్సరం పోతే బట్టల సంచితో సహా ఇంటికి తీసుకుపోతానని తండ్రి చెప్పి ఉంచాడు. మా ఇళ్ళల్లో ఒకసారి అట్లా తిరిగొచ్చిన ఆడపిల్లను మళ్ళీ ఎవరూ పంపరు. తల్లి వెంట పత్తి చేనుకు పోతుంది. ఆ పిల్లకు ఈ సంగతి నాకన్నా బాగా తెలుసు.

ఆమె రాసి ఇచ్చి, మేడం తిప్పి కొట్టిన కాగితం నా చేతిలో పెట్టింది. దాన్ని తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంది. రోగి స్త్రీ. వయసు అరవై దాటింది. కుడి కాలుకు ప్లాస్టర్. వేళ్ళు వెచ్చగా ఉన్నాయి. పొద్దున స్నానానికి ఒప్పుకోలేదు. నచ్చజెప్పిన తర్వాత ఒప్పుకుంది. సగం తిన్నది. పడుకున్నది. రోగిని చూడడానికి ఎవరూ రాలేదు.

"ఎవరీమె?" అన్నాను.

"నువ్వే పెద్దమ్మా. ఇంకెవలున్నరు."

వార్డులో వాళ్ళకు అట్లాగే రాయడం నేర్పుతారట. చూసింది రాయాలె, చేసింది రాయాలె, మధ్యలో తమ మనసు పెట్టవద్దు. రాయనిది చేయనట్టే లెక్క. చేయనిది రాస్తే నేరం. ఆ రాత ఆమె వేళ్ళల్లో ఇంకిపోయింది. మేడం ఏమో, ఇది డ్యూటీ రిపోర్టు, వ్యాసం కాదు, ఇందులో నువ్వెక్కడ, ఆ రోగి ఎక్కడ అని అడిగిందట. ఆ ప్రశ్నే ఆమెకు అర్థం కాలేదు. పాఠం మరాఠీలో బట్టీ పట్టింది, ఇంట్లో తెలుగు, పేపరు ఇంగ్లీషు. మూడు ఇళ్ళు తిరిగి వచ్చేసరికి చెప్పదలచుకున్నది చేతిలో మిగలడం లేదు.

నా గురించి రాసే ముందు నన్ను అడగలేదన్న సంగతి నేను అప్పుడే గమనించాను. గుర్తు పెట్టుకున్నాను.

మొదట నేనే రాసిచ్చాను. మంచం మీద దిండు ఎత్తుగా పెట్టించుకుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని రాశాను. సేవ ఎంత గొప్పదో, నర్సు చేతిలో ఎంత ఓర్పు ఉండాలో, మా కాలంలో బడిలో వ్యాసం ఎట్లా మొదలుపెట్టి ఎట్లా ముగించేవాళ్ళమో అట్లాగే. ఎన్నేళ్ళ తర్వాతో కలం అంత సులువుగా నడిచింది. పిల్ల దాన్ని తన చేతిరాతలో దించుకుని పోయింది.

సాయంత్రం వచ్చి సంచి దించింది. నేను రెండుసార్లు అడిగాక, మేడం తీసుకోలేదని చెప్పింది. ఎందుకని అడిగితే తల వంచుకుని బెడ్‌పాన్ వైపు చూసింది.

"ఇది మనిషి రాసింది కాదన్నది పెద్దమ్మా. ఫోన్ల మిషన్‌ను అడిగి రాయించుకున్నవ్ అన్నది. క్లాసుల సగం మంది అట్లనే తెచ్చిన్రు. నన్ను గూడ వాళ్ళల్ల కలిపింది."

"నువ్వేమన్నవ్?"

"ఏమంటా. పెద్దమ్మ రాసిచ్చిందంటే అది గూడ తప్పే గదా."

బడిలో నా వెనక చాలా మాటలు అన్నారు. నేను మనిషినే కాదని ఎవరూ అనలేదు. ఆ మేడంను నేను ఎప్పుడూ చూడలేదు, ఆమె నన్ను చూడలేదు. అయినా మా మధ్య ఒక లెక్క మొదలైంది. రాత్రి అన్నం సగం వదిలేశాను. పిల్ల ఆ సగం అన్నాన్ని కూడా కాగితం మీద రాసుకుంటుందేమోనని అనుమానం వచ్చి మిగతాది కూడా తిన్నాను.

మర్నాడు పద్ధతి మార్చాను. ఇంగ్లీషు పక్కన పెట్టు, కాగితం పక్కన పెట్టు, నేను అడుగుతా, నువ్వు మన మాటల్లో చెప్పు అన్నాను. పొద్దున లేవగానే నన్ను చూస్తే నీకు ముందు ఏం కనిపిస్తది అని అడిగాను. ఆమె కూర్చుని నా కాలి వేళ్ళు చేతిలో పట్టుకుంది.

"వేళ్ళే. ముఖం చూసే పనే లేదు. నువ్వు కోపంల ఉంటే వేళ్ళు లోపలికి ముడుస్తవ్. మంచిగ పండుకుంటే సాఫీగ ఉంటయ్. అమ్మ ఫోన్ అచ్చిన దినం ముడుచుకునే ఉంటయ్."

నేను వేళ్ళు చాపాను. ఆమె నవ్వింది. అదే రాయి అన్నాను.

అట్లా మొదలైంది. ఆమె తెలుగులో చెప్పేది, నేను ఇంకా అడిగేదాన్ని, ఆ తర్వాత ఇద్దరం దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చేసేవాళ్ళం. ఆమె నా మాటలు పెట్టనిచ్చేది కాదు. ఇది నాది కాదు పెద్దమ్మా, మేడం పట్టేస్తది అనేది. కొన్ని సాయంత్రాలు నేను గట్టిగా విసుక్కున్నాను, కొన్ని సాయంత్రాలు ఆమె కాగితం నలిపి మూలకు విసిరింది. కాని వ్యాసం పెరిగింది. మొదటిసారి మంచం మీద ఒళ్ళు తుడిపించుకోవడానికి నేను ఎట్లా సిగ్గుపడ్డానో, ఆమె గోడ వైపు చూస్తూ ఎట్లా తుడిచిందో అందులో వచ్చింది. నేను పాత సంగతులు చెప్పేటప్పుడు నొప్పి మర్చిపోతానని కూడా వచ్చింది. భద్రత గురించి ఒక పేరా కావాలంటే, రోగి క్షేమం కోసం ప్రతి ఉదయం తలుపుకు బయటి నుంచి తాళం వేసి, తాళంచెవి నా దగ్గరే జాగ్రత్తగా ఉంచుకుంటాను అని రాసింది. చాలా బాగుందన్నాను. జాగ్రత్తగా అన్న మాట నేనే చేర్చాను. మా ఇద్దరికీ అందులో తప్పు కనిపించలేదు. మా ఇళ్ళల్లో అందరూ చేసే పనే. ముసలివాళ్ళు లోపల, తాళం బయట, పిల్లలు పనికి.

ఆ రోజు ఆమె ఉత్సాహంగా పోయింది. సాయంత్రం తాళం తీయడంలోనే తేడా తెలిసింది. తాళంచెవి రెండుసార్లు తప్పింది. లోపలికి వచ్చి నేరుగా నా వేళ్ళు చూసింది, బెడ్‌పాన్ తీసి కడుక్కొచ్చింది, అప్పుడు గోడకు ఆనుకుని కింద కూర్చుంది.

మేడం ఆమెను క్లాసులో నిలబెట్టి తాళం సంగతి రాసిన పేరా గట్టిగా చదివించిందట. ఇంట్లో మంటలు లేస్తే ఆ ముసలామె ఏం చేయాలి, మంచం మీంచి పడితే ఎవరు తలుపు తీయాలి, రోగిని తాళంలో పెట్టే పద్ధతి ఏ పుస్తకంలో చదివావు అని వరసగా అడిగిందట. క్లాసంతా నవ్వింది. తర్వాత పక్కకు పిలిచి, మిగతాదంతా బాగుంది, ఈసారి అందులో ఒక మనిషి కనిపించింది, కాని తాళం సంగతి తేలే వరకు సంతకం పెట్టను అన్నదట. తాళంచెవి దగ్గరలో ఎవరి దగ్గరన్నా ఉండాలి, అది ఎట్లా కుదిరిందో వ్యాసంలో రావాలి, రోగి దగ్గర లిఖితపూర్వకంగా అనుమతి కూడా తేవాలి. వారాంతం దాకా గడువు. ఆ తర్వాత తీసుకోరు.

"అనుమతి ఇప్పుడు అడుగుతున్న పెద్దమ్మా. ముందుగాల్ల అడగలె. తప్పయింది."

"అంతా రాసినంక అడుగుతవా?"

"మన పెద్దమ్మవే గదా అనుకున్న."

"మనోళ్ళయితే అడుగుడు అక్కర లేదు. చూడ అచ్చుడు అక్కర లేదు. మీ అమ్మ గూడ గిదే అనుకున్నట్టున్నది."

పిల్ల, తాళంచెవి పక్కింటి కాకూకు ఇవ్వనా అని అడిగింది. పక్కింటావిడను ఆమె మరాఠీ వాళ్ళలాగే కాకూ అనేది. ఇవ్వవద్దన్నాను. మా ఇంటికి ఆ పక్కన ఖాళీ ప్లాటు, ఎదురుగా ఉన్న ఇంట్లో మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. పొద్దంతా ఇంట్లో ఉండేది పక్కింటావిడ ఒక్కతే. అది పిల్లకు తెలుసు, నాకూ తెలుసు.

"ఇచ్చిన అని రాసుకో. ఎవలు చూడ అస్తరు?"

"రాయను." గొంతు పెంచలేదు. "వార్డుల ఇయ్యని మందు ఇచ్చినట్టు రాస్తే మనిషి పోతడు. ఒక్కసారి అట్ల రాసుడు అలవాటయితే మళ్ళ ఆగదు."

జవాబు దొరకనంత మాత్రాన నేను ఒప్పుకున్నట్టు కాదు.

అప్పుడు ఆమె, అసలు కాకూతో ఎందుకు మాట్లాడవని అడిగింది. ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న. చెప్పాను. ఏళ్ళ కిందటి మాట. నా భర్త ఎస్టీ బస్సుల డిపోలో పనిచేసేవాడు, ఆయన పోయి అప్పటికి సంవత్సరం కాలేదు. చలికాలంలో మరాఠీ ఇళ్ళల్లో హళదీ-కుంకూ పెడతారు. గల్లీలో ఆడవాళ్ళందరినీ పిలిచి, పసుపు కుంకుమ పెట్టి, చేతిలో చిన్న స్టీలు గిన్నెనో డబ్బానో పెట్టి పంపుతారు. అంతకుముందు ప్రతి ఏడూ నేను ఆ ఇంటికి పోయేదాన్ని, ఆవిడ ఇచ్చిన గిన్నెలు ఇప్పటికీ నా వంటింట్లో ఉన్నాయి. ఆ ఏడు కూడా ఆవిడ కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ పిలుచుకుంటూ వచ్చింది. నేను ఇస్త్రీ చీర కట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాను. పోతానో పోనో, అది నా ఇష్టం. పిలుపైతే వస్తుందనుకున్నాను. ఆవిడ నా ముందు ఒక్క క్షణం ఆగింది. "జేవణ్ ఝాలం కా, బాయీ?" అన్నది. భోజనం అయిందా అని. అయిందన్నాను. ఆవిడ తర్వాతి ఇంటికి పోయింది. మొగుడు పోయినవాళ్ళను పిలవరని నాకు తెలియక కాదు. మన ఇళ్ళల్లోనూ బొట్టు పెట్టి పిలవరు. అయినా ఆ భోజనం మాట ఎందుకు. ఊరికే దాటిపోయినా బాగుండేది. ఆ రోజు అయిందన్న మాటే నేను ఆవిడతో మాట్లాడిన చివరి మాట.

పిల్ల నా మడమకు నూనె రాస్తూ విన్నది.

"గీ సంగతి కాకూకు ఎరికేనా?"

"ఏ సంగతి?"

"నువ్వెందుకు మాట్లాడ్తలేవో."

"ఎరిక లేకుండ ఎట్లుంటది."

"నువ్వు చెప్పినవా?"

"ఒకలు చెప్తే తెలుసుకునేదా అది?"

ఆమె గిన్నె మూత పెట్టి, తానే పోయి మాట్లాడతానన్నది. పోతే మళ్ళీ ఈ ఇంట్లో అడుగు పెట్టొద్దన్నాను. ఆమె నా వైపు చూసి, "తాళంచెవి నా దగ్గరనే ఉన్నది గదా పెద్దమ్మా, నువ్వెట్ల ఆపుతవ్" అన్నది. అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మాట నిజం కాబట్టి.

కాని ఆమె పోలేదు. అది చెప్పాలి. పోయి ఉంటే నాకు పని సులువయ్యేది, జీవితాంతం ఆమె మీద కూడా కోపం పెట్టుకునేదాన్ని. ఆమె నా మాట కోసం ఆగింది, గడువు దగ్గరపడుతుంటే.

మర్నాడు ఆమె పోయిన కాసేపటికే నీళ్ళ సీసా స్టూలు మీంచి పడింది. మూత సరిగ్గా పెట్టనిది నేను కాదని నాకు గుర్తు, కాని అది ఇప్పుడు వదిలేస్తాను. సీసా దొర్లి మంచం కాళ్ళ వైపు పోయింది. నీళ్ళు బండల మీద పారి గడప కిందికి పోయాయి. చేయి చాపాను, ప్లాస్టర్ కాలు కదలలేదు. పిల్లకు ఫోన్ చేశాను, క్లాసులో ఫోన్లు బంద్. ఎండ పైకి వచ్చింది. అటుకులు నోట్లో పెట్టుకుంటే అతుక్కున్నాయి.

కిటికీ అవతల పక్కింటావిడ వరండాలో కూర్చుని గోధుమలు ఏరుతున్నది. పక్కన రాగి చెంబు. ఆమె దాన్ని ఎత్తి తాగడం, మూతి తుడుచుకోవడం, మళ్ళీ చాట అందుకోవడం అంతా నాకు కనిపిస్తున్నది. ఒకసారి తలెత్తింది. గడప కింద నుంచి పారి వచ్చిన తడిని చూసింది, తర్వాత కిటికీని చూసింది. మా చూపులు కలిశాయి. ఒక్క మాట అంటే చాలు. పాణీ అంటే చాలు. ఆమె లేచి నిలబడి, "కాయ్ ఝాలం?" అన్నది. ఏమైందని. నేను ముఖం గోడ వైపు తిప్పుకున్నాను.

తిప్పుకుని ఏం సాధించానని అడగొద్దు. తాళం ఆమె వేయలేదు, నేనూ వేయలేదు. కాని ఆ మధ్యాహ్నమంతా గోడ చూస్తూ పడుకుని, నేను నోరు తెరిస్తే ఆనాడు ఇస్త్రీ చీరలో ఆ గేటు దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఏమైపోతుందని ఆలోచించాను. ఆమె తరఫున నిలబడేది నేనొక్కదాన్నే. నేను నీళ్ళు అడిగితే ఆమె ఉత్తగా నిలబడ్డట్టవుతుంది.

సాయంత్రం పిల్ల తలుపు తీసి, నేల చూసి, నా పెదవులు చూసి, చెంచాతో నీళ్ళు పట్టింది. వంటింట్లోకి పోయి చాలాసేపు రాలేదు. వచ్చాక ముఖం కడుక్కుని ఉంది.

"తాళం తీసే ముందర దినాం నాకు భయమైతది పెద్దమ్మా" అన్నది. "లోపల నువ్వెట్ల ఉంటవో అని. బస్సుల కూసున్నప్పటి నుంచే మొదలైతది. సంవత్సరం పోతే పోనీ. అమ్మతోని పత్తికి పోత. గని రేపటి నుంచి నేను నిన్ను తాళం వేసి పోను. కాలేజీ బంద్ చేస్త."

బెదిరించడానికి అనలేదు. ఆ పిల్ల బెదిరించడం తెలిసిన పిల్ల కాదు. పుస్తకాల సంచి అప్పటికే గూట్లోకి ఎక్కించింది. నేను ఆ గూటి వైపు చూశాను. తల వంచకూడదని నేను ఇన్నేళ్ళూ గేటు దగ్గర నిలబెట్టుకున్న మనిషి కోసం, ఈ పిల్ల చేనులో నిలబడాలి. రెంటిలో ఏదో ఒకటి. మూడోది నాకు ఎవరూ ఇవ్వలేదు.

"ఇయ్యిపో" అన్నాను. "నేను పిలిస్తెనే తలుపు తీయాలె అని చెప్పు. ముచ్చట పెట్టుడు వద్దని చెప్పు. నేను పంపిన అని అనకు, కాలేజీ అడిగిందని చెప్పు."

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది. గోడ అవతల మరాఠీలో మాటలు వినిపించాయి, అర్థం కాకుండా ఉండాలని నేను ప్రయత్నించాను. తిరిగి వచ్చి, కాకూ రెండో తాళంచెవిని వరండా మేకుకు తగిలించిందని, నేను పెట్టిన షరతులన్నీ విని తల ఊపిందని చెప్పింది. ఒకే ఒక్క ప్రశ్న అడిగిందట, బాయికి చాయ్ నడుస్తదా అని.

"నువ్వేమన్నవ్?"

"చక్కెర తక్కువ అన్న."

మర్నాడు మధ్యాహ్నం నేను పిలవకుండానే తాళం తీసిన చప్పుడైంది. ఆవిడ గడప మీద ఒక్క క్షణం ఆగింది. ఆమె జుట్టు ఇంత తెల్లబడిందని కిటికీలోంచి తెలియలేదు. చాయ్ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టి, నీళ్ళ సీసా మూత బిగించి, కొంచెం ముందుకు జరిపింది. "కాహీ లాగలం తర్ సాంగా" అన్నది, ఏమన్నా కావాలంటే చెప్పండి అని. క్షమించమని అనలేదు. ఆ సంగతి ఎత్తనే లేదు. గడప దాటి మళ్ళీ తాళం వేసింది. నేను ఒక్క మాట మాట్లాడలేదు. చాయ్ తాగాను. చక్కెర ఎక్కువే ఉంది.

ఆ సాయంత్రం వ్యాసం పూర్తి చేశాం. తాళం పేరా పిల్ల మొత్తం కొట్టేసి కొత్తగా రాసింది. ఈసారి నేను అడగాల్సిన అవసరం రాలేదు, ఆమెకు ఏం రాయాలో తెలుసు. రోగిని చూసుకోవడం అంటే ఒంటిని చూసుకోవడమే అనుకున్నాను, తాళం వేసి క్షేమం అనుకున్నాను అని రాసింది. రోగిని ఒకప్పుడు ఆమె గేటు ముందే దాటిపోయారు, అప్పటి నుంచి రోగి ఎవరినీ ఏమీ అడగదు, దాహం వేసినా అడగదు అని రాసింది. నేను ఆ మాటల దగ్గర ఆగాను. కొట్టేయమందామనుకున్నాను.

ఆమె అనుమతి పత్రం తీసి ముందు పెట్టింది. అందులో, రోగి తన అనుమతిని ఎప్పుడైనా, కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవచ్చు అని ఉంది. రెండుసార్లు చదివాను. నా జీవితంలో ఏ కాగితమూ నాకు అట్లాంటి మాట ఇవ్వలేదు. కుడి చేత్తో సంతకం పెట్టాను. గేటు మాటలు అట్లాగే ఉండనిచ్చాను. సబ్బునీళ్ళ సంగతి మాత్రం చేర్చాల్సిందే అన్నాను. ఆమె కలం అందుకుని, సబ్బునీళ్ళు పక్కింటివని రోగి అంటుంది అని రాసింది.

"అంటుంది ఏంది. అవి వాళ్ళయే."

"నేను చూడలె గదా పెద్దమ్మా. చూడంది గట్లనే రాయాలె."

మేడం సంతకం పెట్టింది. పిల్ల పరీక్షకు కూర్చుంది, గట్టెక్కింది, ఇప్పుడు ఆఖరి సంవత్సరం, హాస్టల్‌లో ఉంది. మేడం మా పిల్లతో, ఆ పెద్దామెకు నా నమస్కారం చెప్పు అన్నదట. మిషన్ అన్న మాటకు అది సరిపోదు, అయినా చెప్పినందుకు రాస్తున్నాను. చెల్లె ఫోన్ చేసి ఏడ్చింది. ఫోన్‌లోనే.

ప్లాస్టర్ తీసేశారు. కాలు సన్నబడి నాది కానట్టు ఉంది. కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాను, నల్లా దాకా పోతున్నాను. పక్కింటావిడ డ్రమ్ము కడిగినప్పుడు నీళ్ళు ఇప్పుడు అటు వదులుతున్నది. నేను గమనించినట్టు ఆమెకు తెలియనివ్వలేదు.

ఆ తాళంచెవి మాత్రం ఇంకా ఆమె వరండా మేకుకే ఉంది. పిల్ల దగ్గర ఉన్నది పిల్ల నాకు తిరిగి ఇచ్చింది, కాని రెండోది అదే. కిటికీలోంచి పొద్దంతా కనిపిస్తుంది, చాట పక్కన. మొన్న ఫోన్‌లో పిల్లను, ఈసారి వచ్చినప్పుడు అది తెచ్చిపెట్టమన్నాను. నువ్వే అడుగు పెద్దమ్మా, అక్కడే గదా అన్నది. అడగాలంటే మాట్లాడాలి. తాళం మార్చితే మార్చానని ఆమెకు తెలుస్తుంది. ఈ మధ్య నేను ఇంట్లో ఉన్నప్పుడు లోపలి గొళ్ళెం కూడా పెట్టుకోవడం లేదు. పెట్టుకుంటే ఆ తాళంచెవి ఆమె దగ్గర ఉండి ఏం లాభం.